బరంపురం పట్టు వెనక ఉన్న చేతులు

మా బరంపురాన్ని అందరూ సిల్క్ సిటీ అంటారు. కానీ ఊరంతా తిరిగినా ఒక మల్బరీ తోట కనిపించదు, ఒక పట్టుపురుగు కనిపించదు. పట్టునూలు ఎక్కువగా బెంగుళూరు నుంచి వస్తుంది, జరీ సూరత్ నుంచి వస్తుంది, రంగులు బజారులో కొనుక్కుంటారు. మరి ఇందులో బరంపురానిది ఏముంది? పని. అదొక్కటే మనది. 2012లో 'బరంపుర్ పట్టా ఫొడా కుంభ చీర, జోడా' అనే పేరుతో మన నేతకు జి.ఐ. గుర్తింపు వచ్చింది కదా, ఆ గుర్తింపు నిజానికి నూలుకి కాదు, పనికి. ఆ పని ఎన్నో తరాలుగా కొన్ని కుటుంబాల చేతుల్లో నడిచింది. అయితే ఆ కుటుంబాల్లో ఎవరి చేతుల్లో నడిచిందన్నది ఎవరూ సరిగ్గా రాయలేదని నాకు అనిపించింది. ఈ వ్యాసం దాని గురించే.

ముందు నేతవాళ్ళ గురించి కొంచెం చెప్పాలి. బరంపురంలో పట్టు నేసేవాళ్ళని ఒడియావాళ్ళు 'డెరా' అంటారు. మనవాళ్ళు దేవాంగులు అంటారు. ఇళ్ళల్లో మాట తెలుగే. మన పూర్వీకులు గోదావరి పక్క రాజమండ్రి ప్రాంతం నుంచి వచ్చారనీ, మహురి రాజులు పిలిచి చోటిచ్చారనీ పెద్దవాళ్ళు చెప్తారు. దీనికంటే పాత కథ ఇంకొకటుంది. దేవతలకు కట్టుకోవడానికి బట్టలు లేనప్పుడు దేవల మహర్షి పుట్టి, విష్ణుమూర్తి బొడ్డులోని తామరతూడు దారం తెచ్చి, మొదటి బట్ట నేశాడట. దారం తెచ్చే దారిలో రాక్షసులు అడ్డుపడితే చౌడేశ్వరీదేవి వచ్చి కాపాడిందట. దేవాంగులు ఎక్కడున్నా, ఇటు బరంపురంలోనైనా, అటు కర్ణాటకలోనైనా, ఈ కథ చెప్పుకుంటారు. నేను ఈ కథ విన్న ప్రతిసారీ ఒక సందేహం వస్తుంది. ఆ తూడుదారం కండెలకి ఎవరు చుట్టారు? కథలో ఆ మాట లేదు.

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేదాకా గంజాం జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. తర్వాత ఇచ్ఛాపురం, సోంపేట, శ్రీకాకుళం అటు ఉండిపోయాయి, బరంపురం, ఛత్రపురం ఇటు వచ్చాయి. మనుషులు ఉన్నచోటే ఉన్నారు, గీత మాత్రం మారింది. చుట్టరికాలు గీత దాటి నడుస్తూనే ఉన్నాయి. మా మామ్మ పుట్టిల్లు ఇచ్ఛాపురం దాటాక ఒక పల్లె. ఈ విషయం తర్వాత అవసరం పడుతుంది కాబట్టి ఇక్కడే చెప్పేస్తున్నాను.

చీర సంగతి. బరంపురం పట్టుకి అంచే ప్రాణం. అంచు రంగు వేరు, ఒళ్ళు రంగు వేరు. రెండూ కలిసేచోట గుడి గోపురాల్లాంటి పళ్ళు వరసగా ఉంటాయి, అదే కుంభం. చూడ్డానికి అద్దినట్టు ఉంటుంది గానీ అద్దింది కాదు, నేతలోనే వస్తుంది. దీనికి మూడు నాడెలు కావాలి. కుడి అంచుకి ఒకటి, ఎడమ అంచుకి ఒకటి, మధ్యన ఒంటికి ఒకటి. అంచు పేక, ఒంటి పేక కలిసేచోట ఒకదాన్నొకటి పట్టుకుని మెలిక పడాలి. ఆ మెలిక ఒక్కో వరసకి ఒక్కో అడుగు ముందుకు జరిగి మళ్ళీ వెనక్కి వస్తే గోపురం తేలుతుంది. ఒక్క మెలిక తప్పితే అక్కడ చీర చిరుగు పట్టినట్టు నోరు తెరుస్తుంది. జోడా అంటే మగవాళ్ళ పంచె, పైపంచె కలిపిన జత. పెళ్ళిళ్ళలో, పూజల్లో కట్టుకుంటారు.

మూడు నాడెలు ఒక్కడే విసరడం కష్టం. అందుకని పక్కన ఒక పిల్లాడు కూర్చుని అంచు నాడె అందించాలి. మా నాన్న తొమ్మిదేళ్ళప్పుడు తాత పక్కన అలా కూర్చున్నారు. "బడి నుంచి వచ్చి పలక అరుగు మీద పెట్టి సరాసరి గుంట మగ్గం దగ్గరికే" అని చెప్తారు. ఆ మాట నవ్వుతూనే చెప్తారు గానీ, పలక మళ్ళీ ఎప్పుడు తీసేవారో మాత్రం చెప్పరు.

ఈ వ్యాసం కోసం వివరాలు అడిగినప్పుడు మామ్మ మొదట అన్న మాట ఇది: "నాకేటి తెల్దే గుంటా. మగ్గం మీ తాతది. ఆయన్నడుగు." తాతని అడిగాను. తాత కుంభం గురించి, జరీ గురించి, ఒకప్పటి షావుకార్ల గురించి చాలా చెప్పారు. కానీ పడుగు మగ్గం మీదకి ఎక్కేముందు ఏం జరుగుతుందని అడిగితే "అదా, అదంతా మీ మామ్మ చూసేది" అన్నారు. మళ్ళీ మామ్మ దగ్గరికే వెళ్ళాను. అప్పుడు ఒక మధ్యాహ్నం మొత్తం చెప్పింది. చెప్తుంటే నా నోటుపుస్తకంలో పదకొండు పేజీలు నిండాయి.

ముడి పట్టు గరుకుగా, బంకగా ఉంటుంది. సబ్బు, సోడా వేసిన నీళ్ళలో మరిగించి ఆ బంక తీయాలి. బంక పోతే బరువులో ఇంచుమించు నాలుగో వంతు పోతుంది. కిలో నూలు తెస్తే ముప్పావు కిలో మిగులుతుందన్నమాట. ఇది తెలియకపోతే షావుకారు తూకంలో లెక్క తేలదు. ఎంత మరిగించాలో గడియారం చూసి కాదు, దారం చేత్తో నలిపి చూసి చెప్పాలి. ఎక్కువైతే పోగు పీచు లేస్తుంది, తక్కువైతే రంగు పట్టదు. తర్వాత రంగు వేయడం, నీడన ఆరబెట్టడం. తర్వాత చిలపల్లోని దారం రాట్నం మీద చుట్టడం. తర్వాత ఆసు పోయడం, అంటే పడుగు పొడవు కొలిచి పోగులు వరస తప్పకుండా పేర్చడం. మన తెలుగులో 'ఆసులో కండెలా తిరగడం' అంటాం కదా, ఆ ఆసే ఇది. పాఠ్యపుస్తకంలో జాతీయంగా చదువుకుని సొంతవాక్యం రాశాను గానీ, అది మా పెరట్లో జరిగిన పని అని అప్పుడు నాకు తెలీదు.

ఆ తర్వాత పడుగు వీధిలోకి తేవాలి. "మసక మసగ్గా ఉండగానే పడుగు ఈదిలోకి తెచ్చీవోలం. ఎండెక్కితే పోగు తెగిపోద్ది, గాలొస్తే చిక్కు పడిపోద్ది" అంది మామ్మ. వీధి పొడుగునా పడుగు చాచి, గంజి పెట్టి, తెగిన పోగులు ముడేసి, తెల్లవారేలోపు మళ్ళీ చుట్టేయాలి. దీనికి ఒక్క ఇల్లు సరిపోదు. ఇవాళ మా పడుగుకి నువ్వు రా, రేపు మీ పడుగుకి నేను వస్తాను. కూలీ ఏమీ లేదు.

ఇక అతకడం. మగ్గం మీద పాత పడుగు అయిపోయాక, దాని చివరి పోగులకి కొత్త పడుగు పోగులు ఒక్కొక్కటిగా కలపాలి. పట్టుచీరకి పోగులు వేలల్లో ఉంటాయి. వేళ్ళకి కొంచెం బూడిద రాసుకుని, రెండు పోగులు కలిపి మెలి తిప్పాలి, ముడి వేయకూడదు. కళ్ళు బాగా కనిపించేవాళ్ళే చేయాలి కాబట్టి పెళ్ళికాని ఆడపిల్లల్నీ కొత్త కోడళ్ళనీ కూర్చోబెట్టేవారట. మామ్మకి పద్నాలుగో ఏట పెళ్ళయింది. అత్తగారింట్లో చేసిన మొదటి పని అతకడమే. చివరగా కండెలు. మగ్గం నడిచినంతసేపూ పక్కన కండెలు చుడుతూనే ఉండాలి. కండె అయిపోతే నాడె ఆగిపోతుంది, నాడె ఆగితే తాత కేక వినిపిస్తుంది.

నేను లెక్క వేసి చూశాను. మామ్మ చెప్పిన పనులు తొమ్మిది. అందులో తాత చేసేది ఒక్కటి, నేయడం. రంగు వేయడానికి కొన్నిసార్లు చేయి వేసేవారు. దీనివల్ల తాత పని తక్కువని నేను అనడం లేదు. ఆ మెలిక వేయడం ఏళ్ళు పడితే గానీ రాదు, గుంటలో కాళ్ళు వేలాడేసి రోజంతా కూర్చుంటే మోకాళ్ళు ఏమవుతాయో మా ఇంట్లో అందరికీ తెలుసు. కానీ తొమ్మిదింట్లో ఒక్క పని చేసినాయన 'నేతగాడు' అయ్యారు. మిగిలినవి చేసినావిడ "నాకేటి తెల్దే" అంటోంది. నన్ను ఆపేసింది ఈ తేడానే.

ఇది మా ఒక్క ఇంటి సంగతి కాదు. 2019-20లో జరిగిన నాలుగో చేనేత గణన ప్రకారం దేశంలో చేనేత పనివాళ్ళు 35 లక్షల 22 వేల మంది. వాళ్ళని రెండుగా విడగొట్టారు. నేసేవాళ్ళు 26 లక్షల 73 వేల పైచిలుకు, అనుబంధ పనివాళ్ళు 8 లక్షల 48 వేల పైచిలుకు. మొత్తంలో ఆడవాళ్ళు నూటికి 70 మందికి పైనే. 'అనుబంధం' అనే మాట నాకు నచ్చలేదు. వ్యాసం చివర అతికించే కాగితాన్ని అనుబంధం అంటారు. పడుగు లేకుండా చీర ఎలా మొదలవుతుంది?

ఈ పని ఎంత కష్టమో తెలుగుదేశంలో ఒక కొడుకు గమనించాడు. అప్పటి నల్గొండ జిల్లా ఆలేరు దగ్గర శారాజీపేటలో చింతకింది మల్లేశం వాళ్ళమ్మ లక్ష్మి, పోచంపల్లి చీరలకి ఆసు పోసేది. ఒక చీరకి చేతిని మేకుల చుట్టూ సుమారు తొమ్మిది వేల సార్లు తిప్పాలి. రోజుకి రెండు చీరలంటే పద్దెనిమిది వేల సార్లు. భుజాలు పడిపోయేవి. ఆయన ఆరో తరగతితో చదువు ఆపినా ఏళ్ళ తరబడి తిప్పలుపడి 1999లో ఆసు యంత్రం తయారుచేశారు. దానికి అమ్మ పేరే పెట్టారు, లక్ష్మీ ఆసు యంత్రం. 2017లో ఆయనకి పద్మశ్రీ వచ్చింది. ఆయన మీద 2019లో సినిమా కూడా తీశారు. ఆ సినిమా మా ఇంట్లో అందరం కలిసి చూశాం. మామ్మ సినిమా మొత్తంలో ఒక్కసారే మాట్లాడింది: "మాకు మేకులు కాదు, పుల్లలు."

లైబ్రరీలో వేరే దేశాల్లో కుటుంబ కళలు ఎలా నడిచాయో వెతుకుతుంటే అమెరికాలోని లకోటా ప్రజల పూసల పని గురించి చదివాను. ఎక్కడి బరంపురం, ఎక్కడి దక్షిణ డకోటా అనుకోవద్దు, చాలా దగ్గర పోలికలున్నాయి. లకోటా స్త్రీలు మొదట ముళ్ళపంది ముళ్ళకి రంగులేసి, మెత్తబెట్టి, తోలు మీద కుట్టేవారు. ఒక దేవతాస్త్రీ కలలో కనబడి ఆ పని నేర్పిందని వాళ్ళ నమ్మకం. మనకి దేవల మహర్షి ఉన్నట్టే అన్నమాట, కాకపోతే వాళ్ళ కథలో నేర్పింది ఆడది, నేర్చుకుంది ఆడది. తర్వాత వర్తకుల ద్వారా వెనిస్, బొహీమియా గాజుపూసలు వచ్చాయి. పూస బయటిది, పని వాళ్ళది. బెంగుళూరు నూలు, సూరత్ జరీ మనకి ఎలాగో అలాగే. 1883లో వాళ్ళ సూర్య నృత్యాన్ని ప్రభుత్వం నిషేధించింది. 1890 డిసెంబరు 29న వూండెడ్ నీ దగ్గర వాళ్ళవాళ్ళు వందలమందిని సైన్యం కాల్చి చంపింది. వేట పోయింది, భూమి పోయింది. సరిగ్గా ఆ కాలంలోనే పూసల పని ముందెన్నడూ లేనంత నిండుగా తయారైంది. పిల్లల చెప్పుల నుంచి పెద్దల కోట్ల దాకా సందు లేకుండా కుట్టారు. తల్లులు, అమ్మమ్మలు పక్కన కూర్చోబెట్టుకుని నేర్పబట్టి ఇవాళ్టికీ అక్కడ ఆ పని ఉంది.

అన్నిటికంటే నన్ను ఆపేసిన సంగతి ఇంకొకటి. లకోటా స్త్రీలు తోలు గీకడానికి ఎల్క్ అనే పెద్ద దుప్పి కొమ్ముతో చేసిన పరికరం వాడేవారు. ఆ కొమ్ము మీద చుక్కలు చెక్కుకునేవారు. ఒకవైపు నల్లచుక్కలు, ఒకవైపు ఎర్రచుక్కలు. ఒక నల్లచుక్కకి ఒక తోలుదుప్పటి. ఒక ఎర్రచుక్కకి పది తోళ్ళు, లేకపోతే ఒక గుడారం. తన జన్మలో ఎంత పని చేసిందో ఆ ఆడమనిషి చేతిలోని పనిముట్టు మీదే లెక్క ఉండేది. మా మామ్మ ఎన్ని పడుగులు అతికిందో లెక్క ఎక్కడా లేదు. తాత పాత పాస్‌బుక్కు మా ఇంట్లో ఉంది. అందులో ఇచ్చిన నూలు తూకం, తీసుకున్న చీరల సంఖ్య, ఇచ్చిన కూలీ, సంతకం ఉన్నాయి. పేరు గడి ఒకటే.

ఇక్కడ మన బూఢీ ఠాకురాణి జాతర గుర్తొస్తుంది. రెండేళ్ళకొకసారి వేసవిలో అమ్మవారు గుడి నుంచి దేశీబెహరా వీధిలో తాత్కాలికంగా కట్టిన మందిరానికి వస్తుంది. డెరావాళ్ళ పెద్దని దేశీబెహరా అంటారు, అమ్మవారికి ఆయన తండ్రి వరస. అంటే కూతురు పుట్టింటికి రావడమన్నమాట. రాత్రుళ్ళు ఆడవాళ్ళు ఘటాలు నెత్తిన పెట్టుకుని వీధి వీధీ తిరుగుతారు. పులివేషాలు, రథాలు, బొడొబజారు దీపాలు అన్నీ అందరూ చూసేవే, రాయక్కర్లేదు. నేను చెప్పాలనుకున్నది వేరు. మన పనిలో కూడా అసలు ప్రయాణం చేసింది కూతుళ్ళే. కొడుకు తండ్రి దగ్గర నేర్చుకుని అదే ఇంట్లో, అదే గుంటలో కూర్చుంటాడు. కూతురు మాత్రం పుట్టింట్లో నేర్చుకున్న ఆసు, గంజి, అతుకు చేతిలో పెట్టుకుని ఇంకో ఇంటికి వెళ్తుంది. ఇచ్ఛాపురం అవతల నుంచి మామ్మ తెచ్చిన గంజి పాళ్ళు మా తాతమ్మకి మొదట నచ్చలేదట. రెండు పడుగులయ్యాక వీధిలో అందరూ అదే పెట్టడం మొదలుపెట్టారట. 1936లో గీసిన గీతని ఆ గంజి దాటి వచ్చింది. 'తండ్రి నుంచి కొడుక్కి వచ్చిన విద్య' అని జి.ఐ. గురించి మాట్లాడేవాళ్ళు అంటుంటారు. అది సగం మాటే.

మరి ఎందుకు తెగింది? మరమగ్గాలు వచ్చాయంటారు, నిజమే. కొన్ని రకాలు చేతిమగ్గం మీదే నేయాలని 1985లో చట్టం చేసినా, బజారులో కుంభం అంచులా కనిపించే మిల్లు చీర పదో వంతు ధరకి దొరుకుతుంది. గంజాం జిల్లా నుంచి లక్షలమంది సూరత్ వెళ్ళి మరమగ్గాల మీద పనిచేస్తున్నారు. 2020 లాక్‌డౌన్‌లో వాళ్ళు రైళ్ళలో, బస్సుల్లో తిరిగి రావడం మనమంతా చూశాం. చేతిమగ్గానికి పేరున్న జిల్లా మరమగ్గానికి మనుషుల్ని పంపుతోంది.

కానీ మా వీధిలో ఆరా తీస్తే ఇంకో కారణం కనిపించింది. ఒక చీరకి ఇచ్చే కూలీ ఒక మనిషి కూలీ. దాని వెనక ముగ్గురు నలుగురు ఊరికే పనిచేస్తేనే ఆ కూలీ గిట్టేది. మామ్మ తరం చేసింది. మా అమ్మ పది పాసయింది, కుట్టుమెషిను కొనుక్కుంది. జాకెట్టు కుడితే డబ్బులు తన చేతికి వస్తాయి. కండె చుడితే రావు. అమ్మ రాట్నం వదిలేసిన ఏడాదే తాత కండెలు చుట్టడానికి మనిషిని పెట్టుకున్నారు. ఆ మనిషి కూలీ తీసేస్తే చీర మీద మిగిలింది చూసి నాన్న ఆటో కొనుక్కున్నారు. రెండేళ్ళలో మగ్గం ఆగిపోయింది. 'ఆడపిల్లలు చదువుకుని పని మర్చిపోయారు' అని వీధిలో కొందరు పెద్దలంటారు. నేను ఒప్పుకోను. ఊరికే చేసే పనికి కూలీ కట్టి ఉంటే అమ్మ కుట్టుమెషిను దాకా వెళ్ళేదా? ఆ మాట నేను అమ్మనే అడిగాను. "కట్టినా పిల్లల్ని మాత్రం కూర్చోబెట్టేదాన్ని కాదు" అంది. నేను ఈ వ్యాసం రాయగలుగుతున్నానంటే అమ్మ నన్ను అతుకు దగ్గర కూర్చోబెట్టలేదు కాబట్టే. ఈ రెండు మాటలూ ఒకదానికొకటి సరిపడవు. అయినా రెండూ రాస్తున్నాను.

పనితోపాటు మాటలు కూడా పోతున్నాయి. పడుగు, పేక, నాడె, కండె, ఆసు, అచ్చు, చిలప. వీటిలో కొన్ని మన తెలుగు వాచకంలో ఉన్నాయి గానీ, వాటిని బరంపురంలో ఎవరైనా రోజూ పలికేది మగ్గం దగ్గరే. బయట ఒడియా, బడి బయట హిందీ, ఫోనులో ఇంగ్లీషు. రాజ్యాంగంలో 350ఎ అధికరణం మాతృభాషలో ప్రాథమిక విద్య అందించమని చెప్తుంది, అందువల్లే మన బడిలాంటివి ఉన్నాయి. బడి అక్షరాలు నేర్పగలదు. 'పోగు పీచు లేచింది' అన్న మాట ఎప్పుడు వాడాలో మరిగిన నూలు చేత్తో పట్టుకుంటేనే తెలుస్తుంది.

తెలుగు టీచరుగారికి ఈ సంగతి చెప్తే మా తరగతిలో నేత ఇళ్ళ నుంచి వచ్చినవాళ్ళం ఆరుగురం కలిసి పనిమాటలు పోగుచేయడం మొదలుపెట్టాం. ఇప్పటిదాకా అరవై మూడు వచ్చాయి. ప్రతి మాట పక్కనా ఎవరు చెప్పారో ఇంటి వరస రాస్తున్నాం: మామ్మ, అమ్మమ్మ, పెద్దమ్మ, తాత. తాతల పేజీ మూడో వంతు కూడా నిండలేదు. మా మామ్మ పేరు మీద ఇరవై రెండున్నాయి. నిన్న రాత్రి అన్నం తింటూ ఇంకొకటి గుర్తుకొచ్చిందని లేపి చెప్పింది, అది ఇంకా ఎక్కించలేదు.